చప్పిడి గంజి, ఎర్రచెవుల ఆవు

ఐదో ఇంట్లో గంజి గిన్నె ఖాళీ చేసి గుమ్మం దిగుతుండగా పింగళకేతు మహారాజుగారి నడుముకు చుట్టిన తాడు ఫట్టున తెగింది.

"ఇక నావల్ల కాదమ్మా!" అన్నాడు ఆయన, జారిపోతున్న కంబళిని రెండు చేతులా పట్టుకుని. "ఇంకో ఇల్లు తగిలిందంటే నన్ను దొర్లించుకుంటూ పోవాల్సిందే."

పక్కనే నడుస్తున్న కంచలమ్మ ఆగి, తెగిన తాడు ముడివేసి, మోకాలు అడ్డంపెట్టి బిగించింది. రాజును పెంచిన తల్లి ఆవిడ. రాజన్న మర్యాద నలుగురి ముందే గానీ ఇలాంటి చోట ఉండదు.

"చెప్తే వింటేగా! ఆడమనిషి ఎదురైతే తల దించుకుని పొమ్మన్నానా? కనపడ్డ ప్రతి అవ్వనీ 'బాగున్నావా అవ్వా' అని పలకరిస్తివి. పలకరిస్తే పిలవరూ? పిలిస్తే పెట్టరూ? ఐదిళ్ళలో తిన్నావు. ఐదు మందలూ మన చెయ్యిదాటిపోయాయి."

"తినక ఏం చెయ్యమంటావు? ఈ కట్టు నా మెడకు తగిలించింది ఎవరంట?"

కంచలమ్మ ఆ మాట వినపడనట్టు ఆకాశం వంక చూసి, "వానొచ్చేట్టుంది, నడువు," అంది.

వాన రాకేం చేస్తుంది! ఆ దీవి పేరే వర్షద్వీపం. సముద్రం నడుమ పచ్చగా, ఎప్పుడూ తడితడిగా ఉండేది. ఎండ కాసిందంటే జనం పనులు మానుకుని పండగ చేసుకునేవారు. గుప్పెడు దీవికి చేటెడు రాజులు. ఒక రాజు తన కోటలో తుమ్మితే పక్క కోట రాజు 'చిరంజీవ' అనేవాడు. వాళ్ళందరిలోకీ చిన్నరాజు మన పింగళకేతు. ఆయన ఏలే తృణపురి అంటే ఒక గుట్ట, ఒక బురద మడుగు, నాలుగు పల్లెలు, వాటన్నిటికీ సరిపడా పౌరుషం. అంతకుమించి వెతికినా ఏమీ దొరకదు.

చిన్నరాజైనా పెద్దరాజైనా ఆ దీవిలో ప్రతి రాజుకూ ఒక కట్టు ఉంటుంది. ఒకడు సూర్యోదయానికి ముందు నవ్వకూడదు. ఒకడు నల్లమేకకు ఎదురుపోకూడదు. కట్టు తప్పాడా, కిరీటం ఊడినట్టే. మరి పింగళకేతు కట్టు ఎలా పడిందంటే, ఆయన పసితనంలో అన్నం దగ్గర మహా పేచీకోరు. వర్షద్వీపంలో రాజుల పిల్లలను కన్నవాళ్ళ దగ్గర ఉంచరు, వేరే ఇంటికి పెంపకానికి ఇస్తారు. అలా కంచలమ్మ ఇంట్లో పెరిగాడు. ఒకనాడు ఆవిడ గిన్నె పట్టుకుని పెరడంతా తిరిగి తిరిగి విసిగిపోయి, "ఒరేయ్, ఆడమనిషి పిలిచి పెట్టిన ముద్ద కాదన్నావంటే నీ కిరీటం ఊడిపోతుంది, చూసుకో!" అని బెదిరించింది. అదే సమయానికి మజ్జిగ కోసం అరుగుమీద కూర్చున్న రాజపురోహితుడు చెవులు రిక్కించి, "ఆహా! కాబోయే రాజుకు కట్టు పడింది!" అంటూ లేచాడు. వద్దు బాబోయ్, పిల్లాణ్ణి బెదిరించానంతే అని ఆవిడ మొత్తుకున్నా వినలేదు. ఆ సాయంత్రానికే, రాజుల కట్లన్నీ చెక్కే పట్టపురాతి మీద చెక్కించేశాడు. తల్లి నోటి మాట, రాతి మీద గీత.

ఇప్పుడా మాటకు ఫలితం ఆవిడే అనుభవిస్తోంది.

కొత్తగా పట్టం కట్టుకున్న రాజు వసంతపు సంత రోజున పక్క రాజ్యం నుంచి ఒక ఆవును తోలుకొచ్చి, పొద్దుగూకేలోగా సరిహద్దు రాయి దాటించాలి. దాన్ని దొంగతనం అనరు, 'పట్టపు తోలకం' అంటారు. పట్టుబడితే తన్నులు మాత్రం దొంగకు పడేవే. ఆవు రాయి దాటితే అక్కడ కాచుకున్న బంటు బూర ఊదుతాడు. అప్పుడే రాజు రాజవుతాడు. కానీ ఎవరింట ఉప్పు తిన్నాడో ఆ ఇంటి ఆవును తోలకూడదు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసినవాణ్ణి ఆ దీవిలో కుక్క కూడా వాసన చూడదు. సరిహద్దు పల్లెలో ఏదో ఒక బక్కావును తోలుకుపోదామని తెల్లవారుతూనే బయలుదేరారు ఇద్దరూ. ఏ దొడ్డి దగ్గర నక్కితే ఆ ఇల్లాలు చూసి, పాపం ఎవరో ఆకలిగొన్నవాడని పిలిచి గంజి పోసింది. ఐదిళ్ళ ఉప్పూ తిన్నాక ఇక మిగిలింది ఒక్కటే మంద. అది శిలాదుర్గాన్ని ఏలే భల్లూకసేన మహారాజు సొంత మంద.

ఆ శిలాదుర్గంలోనే కంచలమ్మ కొడుకు గండుడు పూచీ మనిషిగా ఉన్నాడు. వెనకటి యుద్ధంలో పింగళకేతు తండ్రి ఓడిపోతే, ఇక మీదికి రానని పూచీగా కొడుకును పంపమన్నాడు భల్లూకసేనుడు. పింగళకేతు మూట కట్టుకుంటుంటే గండుడు ఆ మూట లాక్కుని, "వాడు తిండి దగ్గర పేచీ పెడతాడు, పరాయి ఇంట్లో ఎవడు బతిమాలుతాడు? నేను పోతా," అని వెళ్ళిపోయాడు. పెంపుడు తమ్ముడైనా సరేనన్నాడు భల్లూకసేనుడు. తృణపురి సరిహద్దులో బూర మోగితే పూచీ తీరినట్టు, గండుడు ఇంటికొస్తాడు. ఈ పొద్దుగూకేలోగా మోగకపోతే తృణపురికి రాజు లేనట్టు. రాజు లేని రాజ్యపు పూచీ మనిషికి తల ఉండదు.

"నాయనా," అంది కంచలమ్మ నడుస్తూ నడుస్తూ. "నీ కిరీటం పోతే పోయింది, గడ్డి కోసుకుని బతుకుదాం. నా గండుడి మెడ పోతే నేను బతకలేను."

"నేను బతుకుతానా అమ్మా? వాడు నా బదులే కదా అక్కడున్నాడు," అన్నాడు పింగళకేతు. ఇద్దరూ అడుగులు పెద్దవి చేశారు.

కొండమలుపు తిరగ్గానే శిలాదుర్గం కనిపించింది. ఆహా, ఏం కోట! నల్లరాతి గోడలు మబ్బుల్లోకి ఎక్కి అక్కడే ఆగిపోయినట్టున్నాయి. బురుజు బురుజుకూ రాగిరేకుల కప్పు, కప్పు మీంచి వాననీళ్ళు వెండితీగల్లా జారి కందకంలో పడుతున్నాయి. కందకం నిండా హంసలు, హంసల మధ్య పూలపడవలు, సింహద్వారానికి దంతపు తలుపులు. లోపల మూడంచెల సావిడి, స్తంభానికొక జంతువు, జంతువుకొక కెంపుకన్ను. అంత వైభవం పెట్టుకుని ఆ ద్వారం పక్కనే 'కాళ్ళు తుడుచుకోవడానికి గడ్డి ఎవరిది వారే తెచ్చుకోవలెను' అని రాయించాడు భల్లూకసేనుడు. ఆయన పిసినారితనం అలాంటిది.

ద్వారం దగ్గర భటుడు ఈటె అడ్డంపెట్టి వీళ్ళ ముఖాలు చూడనే లేదు. కంబళి చూశాడు. వర్షద్వీపంలో మనిషిని బట్టి కాదు, బట్టలో ఎన్ని రంగులున్నాయో దాన్ని బట్టి మర్యాద. రాజుకు ఏడు రంగులు, కవికి ఆరు, అలా తగ్గుతూ తగ్గుతూ పాలేరుకు ఒకటి. పింగళకేతు తన ఏడురంగుల శాలువా ఇంట్లో విప్పేసి మట్టిరంగు కంబళి కప్పుకున్నాడు. దీవిలో ఇంకెవరికీ లేని నిప్పులాంటి ఎర్రజుట్టుకు మసి పూసుకున్నాడు.

"ఒంటిరంగువాళ్ళా? చివరి బంతి. కుక్కల పక్కన," అన్నాడు భటుడు ఆవులిస్తూ.

సంత రోజు కాబట్టి సావిడిలో ఊరందరికీ విందు. ఎత్తుపీట మీద భల్లూకసేనుడు చేతిలో అద్దం పట్టుకుని కూర్చున్నాడు. మనిషి భారీ గానీ ముక్కు మాత్రం శిల్పి చెక్కినట్టుంటుంది. రోజూ వెన్న రాసుకుని దాన్ని కాపాడుకునేవాడు. సోకు కోసం కాదులెండి, భయంతో. ఒంటిమీద లోపం ఉన్నవాడు రాజుగా ఉండటానికి వీల్లేదని ఆ దీవి శాసనం. మొటిమ లేచినా మంత్రులు చెవులు కొరుక్కుంటారు. ఆయన కాళ్ళదగ్గర ఉప్పుపెట్టె, దానికి తాళం. పక్కన ఆరురంగుల శాలువాతో కటుకంఠుడు మీగడ జుర్రుకుంటున్నాడు. ఈ కటుకంఠుడు మంత్రసిద్ధి ఉన్న తిట్టుకవి. వాడు ఎవరిమీద పద్యం చదివితే వాళ్ళ ముఖం మీద కురుపు లేస్తుంది. వాడి పద్యం దెబ్బకు సింహాసనం దిగి చేపలు పట్టుకుంటున్న రాజులు ఎందరో!

సావిడి పక్క దొడ్డిలో రాజుగారి మంద కనిపిస్తోంది. మంద ముందు ఒక పాలనురుగులాంటి ఆవు నిలబడి ఉంది. ఒళ్ళంతా తెలుపు, చెవులు మాత్రం మోదుగుపూవంత ఎరుపు. ఎవరికీ చిటికెడు ఉప్పు రాల్చని భల్లూకసేనుడు ఆ ఆవుకు మాత్రం ప్రతి సాయంత్రం తన అరచేత ఉప్పు నాకించేవాడు.

"అదే," అన్నాడు పింగళకేతు గుసగుసగా. "అందరూ తినే హడావుడిలో ఉండగా తోలుకుపోదాం. అమ్మా, లే."

లేవబోయాడు. ఎదురుగా గరిటె కనిపించింది.

గరిటె పట్టుకున్నది భల్లూకసేనుడి కూతురు కేసరిక. సంత విందులో చివరి బంతికి ఇంటి ఆడపడుచే వడ్డించాలని అక్కడి ఆచారం. చురుకైన కళ్ళు, అంతకన్నా చురుకైన నాలుక ఆ పిల్లవి.

"ఎక్కడికి లేస్తున్నావు? కూర్చో. పిలుస్తున్నాను, తిని వెళ్ళు," అంది గిన్నెలో గంజి పోస్తూ.

పింగళకేతు గుండె జారి కడుపులో ఉన్న ఐదు గిన్నెల గంజిలో పడింది. తినకపోతే కట్టు తప్పుతుంది, కిరీటం పోతుంది, గండుడి తల పోతుంది. తింటే భల్లూకసేనుడి ఉప్పు తిన్నట్టే, ఆవు పోతుంది, మళ్ళీ కిరీటం, మళ్ళీ గండుడి తల! ముందు నుయ్యి, వెనక గొయ్యి. కళ్ళు మూసుకుని, మనసులో గండుడికి చేతులు జోడించి, గిన్నె ఎత్తి గడగడా తాగేశాడు. తాగి తలపట్టుకుని కూర్చున్నాడు.

పక్కన కంచలమ్మ కూడా ఏడుపు దిగమింగుకుంటూ తన గిన్నె నోట పెట్టుకుంది. పెట్టుకుని ముఖం వికారంగా పెట్టింది.

"థూ! ఇదేం గంజి? ఇంత పెద్ద కోటలో ఇంత చప్పిడి..." అని ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. పింగళకేతు తొడమీద ఒక్క గిల్లు గిల్లింది. "నాయనా! ఉప్పు లేదు!"

"నా కొంప మునిగి నేనేడుస్తుంటే రుచి గొడవేమిటమ్మా నీకు?"

"ఓరి వెర్రినాగన్నా! ఉప్పు లేదురా! ఉప్పు!"

అప్పుడు వెలిగింది పింగళకేతు బుర్ర. పెదాలు నాలుకతో తడుముకున్నాడు. లేదు! చిటికెడంటే చిటికెడు కూడా లేదు!

"అమ్మాయీ, మీ ఇంట ఉప్పు వాడరా?" అని అడిగింది కంచలమ్మ అమాయకంగా.

"పై బంతులకు వాడతారు అవ్వా," అంది కేసరిక, తండ్రి వైపు ఒక చూపు విసిరి. "ఒంటిరంగువాళ్ళకు ఉప్పెందుకని ఏనాడో ఆజ్ఞ వేశారు మా నాన్నగారు. వేసి మరిచిపోయారు కూడా. ఆయన గిన్నెలో ఎప్పుడూ ఉంటుందిగా మరి." తర్వాత పింగళకేతు వైపు తిరిగింది. "ఇంకాస్త పొయ్యనా?"

వద్దనే నోరు ఆయనకు లేదు. తాగాడు. మళ్ళీ పోసింది. మళ్ళీ తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, కడుపు మద్దెలలా బిగిసింది, అయినా గిన్నె చాపాడు. కేసరిక తల ఒకవైపుకు వాల్చి ఆయన్ను చాలాసేపు చూసింది. పెదవి కొరుక్కుని నవ్వాపుకుని అవతలి మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇద్దరూ మెల్లగా దొడ్డిలోకి జారుకుని ఎర్రచెవుల ఆవుకు తాడు తగిలించారు. ఒంటిరంగు కంబళి మహిమ అంతా ఇంతా కాదు. రాజుగారి ఆవును ఇద్దరు పాలేర్లు నీళ్ళకు తోలుకుపోతున్నారనుకుని దొడ్డి దగ్గర గానీ ద్వారం దగ్గర గానీ ఒక్కడూ అడగలేదు. ఇందాక ఈటె అడ్డంపెట్టిన భటుడే తలుపు తీసి, ఆవుకు దారి ఇచ్చి, వీళ్ళను "త్వరగా కదలండి" అని కసిరాడు. వంతెన కూడా దాటేవారే. సరిగ్గా అప్పుడు వాన దబదబా కురిసింది. పింగళకేతు తలమీది మసి కరిగి నుదుటి మీదుగా కారింది. కింద నుంచి ఎర్రజుట్టు నిప్పులా బయటపడింది.

"ఎర్రజుట్టు!" అని కేకవేశాడు భటుడు. "తృణపురి రాజు! పట్టుకోండి!"

పింగళకేతు పరుగెత్తబోయాడు. కడుపు ముందుకు వెళ్ళింది, కాళ్ళు వెనకే ఉండిపోయాయి. నాలుగడుగులు వేసి వంతెన మీద చతికిలబడ్డాడు. ఆయన్ను లేవదీయడానికి భటులు నానా తంటాలు పడ్డారు. చివరికి ఆయన్నూ, కంచలమ్మనూ, ఆమె వదలని తాడుకు కట్టి ఉన్న ఆవునూ కలిపి సావిడిలోకి తీసుకుపోయారు.

భల్లూకసేనుడు ఎగిరిపడ్డాడు. "నా సావిడిలో కూర్చుని, నా విందు తిని, నా ఆవునే తోలుకుపోతావా? ఉప్పు తిన్న ఇంటికే ద్రోహమా? కటుకంఠా! లే! చదువు పద్యం! వీడి ముక్కు వీడికే గుర్తు తెలియకూడదు!"

కటుకంఠుడు మీగడ గిన్నె దించి, మూతి తుడుచుకుని, లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, ఒక్క మాట. నా పద్యం గుడ్డిది. నిజమైతే తిట్టు తినాల్సినవాణ్ణి కొడుతుంది. అబద్ధమైతే తిట్టించినవాణ్ణే వెతుక్కుంటూ వస్తుంది. ఇతగాడు తమ ఉప్పు తిన్నమాట నిజమేనా?"

"సావిడి నిండా జనం చూశారు, గిన్నెలకు గిన్నెలు తాగాడు! నా ఇంట తిన్నవాడు నా ఉప్పు తినలేదంటావా? నువ్వు చదువు!"

పింగళకేతు ఏదో అనబోయాడు. కంచలమ్మ ఆయన కాలు తొక్కింది. "నోరు మూసుకో నాయనా. పెద్దాయన అంత ముచ్చటపడుతుంటే మనమెందుకు అడ్డం?"

కటుకంఠుడు కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, గొంతు పెంచాడు.

"ఉప్పు తిన్న యింట గొప్ప దొంగగ మారి
ఆవు తోలుకెళ్ళునట్టి వాని
ముక్కు మీద లేచు కుక్కగొడుగు వోలె
పొద్దు గూకులోన బొబ్బ కురుపు!"

కవి ఇచ్చిన గడువు పొద్దుగూకే దాకా. కురుపుకు అంత ఓపిక లేదు. అందరూ పింగళకేతు ముక్కు వైపే చూస్తున్నారు. ఆయన కూడా కళ్ళు మెల్ల చేసుకుని తన ముక్కు వైపే చూసుకుంటున్నాడు. ఆ ముక్కు నిమ్మకు నీరెత్తినట్టుంది. ఇంతలో ఎత్తుపీట మీంచి "అబ్బా!" అని వినిపించింది.

భల్లూకసేనుడి శిల్పంలాంటి ముక్కు కొసన ఎర్రగా, గుండ్రంగా, మెరుస్తూ ఒకటి మొలిచింది. చూస్తుండగానే రేగుపండంత అయింది. కాసేపటికి నిమ్మకాయంత అయింది. ఆయన చేతిలోని అద్దం కిందపడి పగిలింది.

"ఎలా? ఎలా?" అన్నాడు ఆయన ముక్కు పట్టుకుని. గొంతు కూడా మారిపోయింది.

"ఎలా ఏమిటి మహారాజా!" అంది కంచలమ్మ, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని. "చివరి బంతికి ఉప్పు వెయ్యొద్దని తమరే చెప్పి తమరే మరిచిపోతే, పాపం పద్యం ఏం చేస్తుంది? మీ ఇంట మేం తిన్నది వట్టి గంజి. అందులో మీ ఉప్పు ఒక్క రాయి లేదు."

చివరి బంతిలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు బంతి బంతికీ పాకి పై బంతుల దాకా వెళ్ళింది. ఉప్పు తిన్నవాళ్ళు కూడా నవ్వారు. "పట్టుకోండి వాణ్ణి!" అని అరిచాడు భల్లూకసేనుడు. భటులు ఆయన ముక్కు వైపు చూశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈటెలు నెమ్మదిగా నేలకు దించారు.

కోట ధర్మాధికారి, తల వణుకుతున్న ముసలాయన, కర్ర ఊతంతో లేచాడు. "ముక్కు చెడ్డ రాజు రాజు కాడు. రాజు లేని కోటలో ఆవును ఆపమనే నోరు లేదు. తృణపురి రాజా, తోలుకుపో. కానీ పూచీ సంగతి వేరు. అది రాజు మాట కాదు, రెండు రాజ్యాల మాట. బూర వినపడితే నీ తమ్ముణ్ణి వదులుతాం. పొద్దుగూకేలోగా వినపడకపోతే కత్తి దిగుతుంది. నన్ను తిట్టుకోకు నాయనా, శాసనం నేను రాయలేదు."

వాన వెలిసింది. పడమట మబ్బు చీలి సూర్యుడు కనిపించాడు. అప్పటికే బాగా దిగిపోయి ఉన్నాడు.

ఇక చూడాలి ఆ పరుగు! ముందు ఆవు, ఆవు వెనక కంచలమ్మ, ఆవిడ వెనక కడుపు రెండు చేతులా మోసుకుంటూ రాజుగారు. కోట బురుజు మీంచి గండుడి కేక వినిపించింది. "ఒరేయ్ పింగళా! దారిలో తింటూ కూర్చోకురా! నా మెడ దురద పెడుతోంది!" పింగళకేతు నవ్వాడో ఏడ్చాడో ఆయనకే తెలియదు. పల్లెల్లో ఆడవాళ్ళు పిలిస్తే వినపడకుండా చెవుల్లో గడ్డి కుక్కుకుని, కంబళి ముసుగు వేసుకుని, గట్టు తగిలినచోట పడుతూ, లేస్తూ, దారి పొడుగునా గంజి తేన్పులు తేన్చుతూ పరుగెత్తాడు.

సరిహద్దు రాయి కనిపించింది. అవతల తృణపురి బంటు బూర నోట పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆవు ముందుకాళ్ళు రాయి దాటాయి.

అక్కడ ఆగింది ఆవు.

తోశారు. కదల్లేదు. కంచలమ్మ బతిమాలింది, తిట్టింది, తోక మెలేసింది. అది మెడ తిప్పి కోటవైపు చూసి 'అంబా' అంది. రోజూ ఉప్పు నాకే వేళ అయింది మరి! వెనకకాళ్ళు రెండూ శిలాదుర్గపు నేలలో పాతినట్టు నిలబడింది. సూర్యుడు గుట్ట అంచును తాకాడు. బంటు ఊదాలా వద్దా అన్నట్టు చూశాడు. "పూర్తిగా దాటాలి ప్రభూ. సగం ఆవుకు బూర ఊదితే నా ఉద్యోగం పోతుంది."

అప్పుడు గుర్రపు డెక్కల చప్పుడు. కేసరిక గుర్రం దిగింది. ఒక చేతిలో గిన్నె, మూతకు గుడ్డ.

"రాజా!" అని పిలిచింది. పింగళకేతు వినపడనట్టు నటించాడు. ఆమె దగ్గరికి వచ్చి ఆయన చెవిలో గడ్డి పీకి అవతల పారేసింది. "కడుపు పగులుతున్నా వద్దనలేని మనిషి ఈ దీవిలో ఒక్కడే ఉన్నాడని రెండో గరిటెకే తెలుసుకున్నాను. మూడో గరిటె వినోదానికి. ఇదిగో, పిలుస్తున్నాను, తినండి. ఈసారి ఉప్పు వేసి తెచ్చాను. మా నాన్న పెట్టె తాళం పగలగొట్టి మరీ వేశాను."

కంచలమ్మ కూలబడింది. "అమ్మా, తల్లీ, నీకు పుణ్యముంటుంది! వాడా గంజి తింటే ఆవును వెనక్కి తోలాలి. తినకపోతే కిరీటం పోతుంది. ఎటైనా నా కొడుకు చస్తాడు. నీకూ ఒకనాడు పిల్లలు పుడతారు తల్లీ!"

కేసరిక గిన్నె చాపి పట్టుకుని పింగళకేతు కళ్ళలోకే చూస్తోంది.

పింగళకేతు గిన్నె వైపు చూశాడు. సూర్యుడి వైపు చూశాడు. ఆవు వైపు చూశాడు. ఆవు గిన్నె వైపు చూస్తోంది! నాలుక బయటపెట్టి ముక్కు నాక్కుంటోంది!

"కాదనను," అన్నాడు ఆయన, రెండు చేతులా గిన్నె అందుకుని. "పెట్టినది పుచ్చుకున్నాను. అందరూ సాక్ష్యం. కానీ పుచ్చుకున్నది ఎప్పుడు మింగాలో పట్టపురాతి మీద రాసిలేదు."

గిన్నెలోంచి ఒక పిడికెడు తీసి, రాయి దాటి తృణపురి నేలమీద నిలబడి, అరచెయ్యి చాచాడు. ఉప్పు వాసన తగిలింది. ఎర్రచెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆవు ఒక అడుగు వేసింది. మరొకటి వేసింది. వెనకకాళ్ళు రాయి దాటి దాని నాలుక రాజుగారి అరచేతిని తాకిందో లేదో బంటు బుగ్గలు పూరించి బూర ఊదాడు. ఆ మోతకు మడుగులో బాతులు లేచాయి. దూరంగా శిలాదుర్గం నుంచి బదులుగా నగారా మోగింది. ఆ వెనకే గుట్టలు దాటుకుని వచ్చిన గండుడి ఈల వినిపించింది. చిన్నప్పుడు పెరట్లో వేసిన ఈలే అది. కంచలమ్మ కొంగు నోట కుక్కుకుని భోరున ఏడ్చింది.

సూర్యుడు గుట్ట వెనక్కి దిగిపోయాడు.

అప్పుడు కూర్చుని తిన్నాడు పింగళకేతు, గిన్నెలో మిగిలినదంతా. ఉప్పు కటిక కషాయం. ముఖం చిట్లించుకుంటూ గిన్నె తిరిగిచ్చాడు.

"బాగుంది," అంది కేసరిక. గిన్నె అడుగు చూసి, మెతుకు మిగల్లేదని తేల్చుకుంది. "ఆ ఉపాయం మీకు తట్టకపోతే నేనే చెప్పేదాన్ని. నాకు కావలసింది ఆవు కాదు. ఇప్పుడు మీరు మా ఇంటి ఉప్పు తిన్నవారు. మా ఇంటి కష్టం మీ కష్టం. మా ఇంట ఒక ముక్కు చెడింది. అది బాగుపడే దాకా మా కోటకు రాజు లేడు. ఏ తోడేలు వచ్చి మీద పడుతుందో తెలియదు. రేపు తెల్లవారగానే మనం బయలుదేరాలి."

"ఎక్కడికి?"

"పొగమంచు దీవికి. ఆ కురుపుకు మందు మూలిక అక్కడే ఉంది. ఒక మంత్రగత్తె దాన్ని కాపలా కాస్తోంది. మంచి మనిషేనట. గడప తొక్కిన ప్రతివాణ్ణీ నవ్వుతూ పిలిచి, పీటవేసి, తన చేత్తో వండి పెడుతుందట." కేసరిక గుర్రమెక్కి కళ్ళెం సర్దుకుంది. "తిన్నవాళ్ళు తిన్నచోటే రాళ్ళయిపోతారట. ఇంతవరకూ వద్దనగలిగినవాళ్ళే బతికి తిరిగొచ్చారు."

గుర్రం కదిలి వెళ్ళిపోయింది. ఎర్రచెవుల ఆవు పింగళకేతు వేళ్ళ సందుల్లో మిగిలిన ఉప్పు నాకుతోంది. ఆయన మెల్లగా కంచలమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా," అన్నాడు, "లోకంలో ఇంతమంది తల్లులు పిల్లల్ని బూచాడి పేరు చెప్పి భయపెడతారు. నీకు బూచాడు గుర్తు రాలేదా?"